ఒక శాఖ, రెండు ఊళ్ళు: మార్లవాయి, షామీర్‌పేట



విశ్వవిద్యాలయాల సాంఘికశాస్త్ర విభాగాలు యేటేటా తమ సాధనలను ప్రకటిస్తూ ఉంటాయి. ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, ఎందరికి డాక్టరేటు పట్టాలు దక్కాయి, ఏ సదస్సుకు ఎవరు విచ్చేశారు, జాతీయ స్థాయి వరుసలో తమ స్థానమెంత అన్న వివరాలు వాటిలో ఉంటాయి. నేను అటువంటి వార్తలను శ్రద్ధగానే చదువుతాను. తప్పుపట్టవలసినది వాటిలో ఏమీ లేదు. కానీ చదివిన ప్రతిసారీ ఒక సందేహం మనసులో మెదలుతుంది. రసాయన శాస్త్రజ్ఞుని ఫలితాన్ని మరొక ప్రయోగశాలలో సరిచూడవచ్చు. సాంఘిక శాస్త్రజ్ఞుని ప్రయోగశాల ఊరు. అతని ఫలితాన్ని సరిచూడవలసినవారు ఎవరు? తమ గురించి ఏమి వ్రాశారో ఆ ఊరివారికి ఎప్పటికైనా తెలుస్తుందా?

ఈ సందేహానికి సమాధానం వెదకటానికి చాలా దూరం పోనక్కరలేదు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలోనే, 1940 నుండి 1955 వరకు గల పదిహేనేళ్ళలో, ఇద్దరు ఆచార్యుల కథ ఉన్నది. ఆ ఇద్దరి వెనుక రెండు ఊళ్ళున్నాయి. ఒకటి ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి. రెండవది సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న షామీర్‌పేట.

మొదట విశ్వవిద్యాలయం సంగతి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1918లో స్థాపితమైన ఉస్మానియా ఆనాటి భారతదేశంలో ఒక అపూర్వ ప్రయోగం. ఉన్నత విద్యను ఆంగ్లంలో కాక దేశభాషలో, అంటే ఉర్దూలో, బోధించాలన్నది దాని సంకల్పం. అందుకోసం 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెప్పించారు. సంకల్పం గొప్పదే. అయితే రాజ్యంలో అత్యధికుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడాలు. ఆదిలాబాదు కొండలలో గోండి, కోలామి. అంటే విద్యాలయపు భాష ఒకటి, వీధి భాష ఇంకొకటి. ఈ ఎడం మన కథకు ఆయువుపట్టు కనుక దీనిని గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఇక మొదటి ఆచార్యుడు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించాడు. అక్కడే మానవశాస్త్రం చదివి, లండనులో మాలినోవ్‌స్కీ వద్ద మెలకువలు నేర్చి, 1936లో అస్సాము కొండలకు పోయి నాగాల మధ్య నివసించాడు. 1939లో రెండవసారి భారతదేశానికి వచ్చేసరికి యూరపులో యుద్ధం మొదలైంది. అంతకు ముందు సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొన్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. బ్రిటిషు వారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. ఆ కారణంగా ఆయన సంచారాన్ని హైదరాబాదు సంస్థానానికి పరిమితం చేశారు. మరొకరైతే అది చెర అనుకొని కుమిలిపోయేవారు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మాత్రం ఆ చెరనే పరిశోధనకు అవకాశంగా మలచుకొన్నారు. మొదట అమ్రాబాదు పీఠభూమిలోని చెంచులు, తరువాత గోదావరి ఒడ్డు పాపికొండల రెడ్లు, ఆపైన ఆదిలాబాదు రాజగోండులు. ఈ మూడు అధ్యయనాలు వరుసగా 1943, 1945, 1948 సంవత్సరాలలో గ్రంథాలై వెలువడ్డాయి.

ఆయన ఆదిలాబాదు వెళ్ళటం వెనుక ఒక నెత్తుటి కథ ఉన్నది. 1940లో జోడేఘాట్ వద్ద నిజాము పోలీసుల కాల్పులలో కుమ్రం భీము, ఆయన అనుచరులు నేలకొరిగారు. గోండులకు ఎందుకింత ఆగ్రహం కలిగిందో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. ఈ సంగతి మనం మరువరాదు. సాంఘికశాస్త్రం ఆ అడవిలోనికి తనంత తానుగా నడచిపోలేదు. భీము మరణం దానిని అక్కడికి రప్పించింది. పరిశోధనకు కాలు మోపే చోటును చాలాసార్లు ఇలా పీడితులే తమ ప్రాణాలతో చూపించవలసి వస్తుంది.

హైమండార్ఫ్ కనుగొన్న విషయంలో వింత ఏమీ లేదు. ఉన్నది లెక్క మాత్రమే. తరతరాలుగా గోండులు దున్నుకొంటున్న భూములకు పట్టాలు లేవు. శివాయి జమాబందీ అన్న పద్దు క్రింద, అంటే హక్కు లేని సాగుగా, అవి దస్త్రాలకెక్కాయి. అటవీశాఖ గీసిన హద్దులు ఊళ్ళ మీదుగా పోయాయి. నిన్నటి చేను నేడు రిజర్వు అడవి అయింది. మంచి నల్లరేగడి నేలలు మైదానాల నుండి వచ్చిన వారి పేర పట్టాలయ్యాయి. భీము తిరుగుబాటుకు మూలం ఈ భూసమస్యే తప్ప మరొకటి కాదని హైమండార్ఫ్ స్పష్టంగా వ్రాశాడు. ఆయన సమర్పించిన నాలుగు నివేదికలను 1945లో నిజాము ప్రభుత్వపు రెవెన్యూ శాఖయే పుస్తకంగా ప్రచురించింది. ఆనాటి రెవెన్యూ సభ్యుడు గ్రిగ్సన్ తానే బస్తరు గోండులపై గ్రంథం వ్రాసినవాడు కావటం వల్ల ఆ నివేదికలు బీరువాలో మగ్గిపోలేదు.

1945లో హైమండార్ఫ్‌ను ప్రభుత్వం గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియమించింది. ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్య పదవి కూడా ఆయనదే. జీతం ఒకచోట, పాఠం ఒకచోట, పని అడవిలో. ఆ కొద్ది యేళ్ళలో జరిగిన పనులను చూడండి. గోండులకు, కోలాములకు లావుణీ పట్టాలు పెద్దయెత్తున ఇవ్వటం మొదలయింది. గిరిజన ప్రాంతాల కోసం 1356 ఫసలీలో, అంటే 1946లో, ప్రత్యేక చట్టం వచ్చింది. 1359 ఫసలీలో దానిని సవరించి కొత్త చట్టం చేశారు. కేస్లాపూరులో మెస్రం వంశీయుల నాగోబా జాతర సమయంలో అధికారులు వచ్చి గిరిజనుల మొరలు వినే దర్బారు కూడా ఆ దశకంలో ఆయన చొరవతో మొదలైనదే. ఆ సంప్రదాయం నేటికీ నడుస్తున్నది. ఒక పరిశోధకుని సలహా ఎనభై ఏళ్ళ తరువాత కూడా యేడాదికొకసారి గుడారం వేసుకొని కూర్చుంటుందంటే, దానిని ఏ సాధనల పట్టికలో ఏ గడిలో వ్రాయాలో నాకు తోచదు.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైనది మార్లవాయి బడి. 1943లో హైమండార్ఫ్ దంపతులు ఆ ఊరిలో గుడిసె వేసుకొని ఉంటూ ఒక పాఠశాలను, ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాన్ని ఆరంభింపజేశారు. మరాఠీ కొద్దోగొప్పో చదవను వ్రాయను వచ్చిన కొద్దిమంది గోండు యువకులను చేరదీసి వారికే బోధన నేర్పారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో, వాచకాలు తయారు చేయించారు. పిల్లవాడు మొదట తన యింటి భాషలో అక్షరాలు దిద్దాలి, తరువాతనే ఇతర భాషలకు పోవాలి అన్నది వారి పద్ధతి. ఆ జిల్లాలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడీ గోండి నేర్చి, ఆ భాషకు వ్యాకరణం వ్రాశారు. మరాఠీలో ఆయన చరిత్రకారునిగా ప్రసిద్ధులు. బయటివారు గోండి నేర్చుకొన్నారు, గోండులు బడిపంతుళ్ళయ్యారు. పరిశోధన ఇచ్చిపుచ్చుకోళ్ళుగా సాగిన అరుదైన సందర్భమిది.

ఇప్పుడు రెండవ ఊరు. హైమండార్ఫ్ 1949లో లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థకు వెళ్ళాడు. ఆ కాలంలోనే ఉస్మానియా సమాజశాస్త్ర శాఖలో శ్యామాచరణ్ దూబే అనే యువ అధ్యాపకుడు పనిచేస్తున్నారు. 1922లో పుట్టిన ఈయన హిందీ ప్రాంతీయుడు. ఛత్తీస్‌గఢ్ కమారులపై పరిశోధించి 1951లో గ్రంథం ప్రచురించారు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం షామీర్‌పేటలో ఒక సాంఘిక సేవా విస్తరణ పథకాన్ని చేపట్టింది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య మొదలైన వివిధ శాఖల వారు ఊరిలో సేవ చేయాలి, సమాజశాస్త్ర శాఖ ఊరిని అధ్యయనం చేయాలి. ఒకే విశ్వవిద్యాలయంలోని భిన్న శాఖలు కలిసి ఒక పల్లెకు తరలి వెళ్ళటం ఆ రోజులలో సామాన్య విషయం కాదు.

ఆ సంవత్సరాలు ఎటువంటివో ఒక్కసారి తలచుకోండి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951లో సాయుధ పోరాట విరమణ జరిగింది. విశ్వవిద్యాలయంలో బోధన భాష ఉర్దూ నుండి ఆంగ్లానికి మారుతున్నది. పాతది పోయింది, కొత్తది ఇంకా కుదురుకోలేదు. అటువంటి సంధి కాలంలో ఒక తెలంగాణ పల్లెను ఇంటింటా తిరిగి చూసి వ్రాసిన గ్రంథం దూబే గారి 'ఇండియన్ విలేజ్'. 1955లో లండనులో అచ్చయింది. ఊరి నైసర్గిక స్థితి, సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, పండుగలు పబ్బాలు, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణాలు, కలిసి బ్రతకటంలోని మంచి చెడ్డలు, చివరికి మారుతున్న కాలం. ఇదీ దాని అధ్యాయ క్రమం. రెడ్డి, ముత్రాసి, గొల్ల, కుమ్మరి, సాలె, సాకలి, మంగలి, మాల, మాదిగ మొదలైన కులాల వృత్తులు, వాటి నడుమ ఇచ్చిపుచ్చుకొనే ధాన్యపు లెక్కలు, ఎవరింట ఎవరు భుజిస్తారు, ఎవరు భుజించరు అన్న కట్టుబాట్లు, వీటితోపాటు ముస్లిం కుటుంబాల జీవితం కూడా అందులో నమోదయింది.

ఆ యేడాది ప్రత్యేకమైనది. శ్రీనివాస్ సంపాదకత్వంలో భారతీయ గ్రామాలపై ఒక సంకలనం, అమెరికాలో మెకిమ్ మేరియట్ సంపాదకత్వంలో మరొక సంకలనం, 1955లోనే వెలువడ్డాయి. అవి పలువురు పలు ఊళ్ళపై వ్రాసిన వ్యాసాలు. దూబే గారిది ఒకే ఊరిపై సమగ్ర గ్రంథం. మన షామీర్‌పేట ఆ విధంగా ప్రపంచపు సమాజశాస్త్ర తరగతి గదులలోనికి ప్రవేశించింది. దూబే గారు తరువాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. సిమ్లాలోని ఉన్నత అధ్యయన సంస్థకు 1972 నుండి 1977 వరకు నిర్దేశకులుగా ఉన్నారు. 1996లో కీర్తిశేషులయ్యారు.

పండితుల లోకంలో షామీర్‌పేటకు దక్కినంత పేరు మార్లవాయికి దక్కలేదు. కానీ నా సందేహం మళ్ళీ ఇక్కడే తలెత్తుతుంది. షామీర్‌పేట వాసులు మాట్లాడినది తెలుగు. అడిగిన ఆచార్యుని భాష హిందీ. విద్యాలయం అప్పటిదాకా బోధించినది ఉర్దూలో. అచ్చయిన గ్రంథం ఆంగ్లంలో. ఒక కుమ్మరి తన సారె గురించి చెప్పిన మాట ఇన్ని మెట్లెక్కి గ్రంథస్థమయింది. ఎక్కిన మెట్లు దిగి అది మళ్ళీ ఆ కుమ్మరి మనుమని చేతికి వచ్చే మార్గాన్ని ఎవరూ వేయలేదు. ఇది దూబే గారి లోపమని నేను అనటం లేదు. ఆయన తాను చూసినది నిజాయితీగా వ్రాశారు. తరువాతి కాలంలో హిందీ పాఠకుల కోసం హిందీలోనూ వ్రాశారు. తెలుగులో ఆ బాధ్యత మనది. మన పాఠ్యపుస్తకాలు తయారుచేసిన వారిది, బోధించిన మాబోటి వారిది. శాతవాహనుల నాణేలను గురించి పిల్లలకు చెప్పాము. యాభై ఏళ్ళ నాటి ఒక తెలంగాణ పల్లెలో కూలి యెంత, కౌలు యెంత, ఎవరు ఏమి తిన్నారు అన్నది మాత్రం చరిత్ర కాదనుకొన్నాము.

ఈ దిశలో తెలుగువారు చేసిన ఒక మంచి పనిని ఇక్కడ స్మరించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అందులో వ్యవసాయ పదాలున్నాయి. నాగలి కర్రుకు, మోటబావి తాడుకు ఏ సీమలో ఏ పేరో రైతుల నోటినుండి సేకరించి, రైతు చదువుకోగల భాషలోనే అచ్చువేశారు. అదే సంవత్సరం ఆయన ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులయ్యారు. సేకరించిన దానిని సేకరించిన భాషలోనే తిరిగి ఇవ్వవచ్చునని ఆ కోశం రుజువు చేసింది.

మార్లవాయి కథ కూడా పూర్తిగా తీపి కాదు. 1956లో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరిన తరువాత బడులలో తెలుగు స్థిరపడింది. దేవనాగరిలోని గోండి వాచకాలు మూలన పడ్డాయి. తెలుగు పండితునిగా బ్రతికిన నేను ఈ వాక్యం వ్రాసేటప్పుడు కొంత తడబడ్డాను. మన భాషను ఆంగ్లం నెట్టివేస్తున్నదని మనం సభలు పెట్టి వాపోతాము. ఆదిలాబాదు కొండల మీద గోండు పిల్లవానికి మన తెలుగు చేసినది కూడా అదే గదా! పిల్లవానికి తెలియని భాషలో మొదటి అక్షరం నేర్పితే అది ఏ భాషయినా ఒక్కటే.

భూముల సంగతి మరింత బాధాకరం. 1959లో వచ్చిన గిరిజన భూబదిలీ నిషేధ చట్టాన్ని 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. కాగితం మీద లోటు లేదు. కానీ 1976లో పదవీ విరమణ చేసి హైమండార్ఫ్ మళ్ళీ ఆదిలాబాదు ఊళ్ళు తిరిగి చూసేసరికి, తన కాలంలో పట్టాలు పొందిన గోండులలో ఎందరి భూములో చేతులు మారి ఉన్నాయి. అడవిదారులు రహదారులయ్యాయి. ఆ దారుల వెంట వ్యాపారులు, వడ్డీలు వచ్చాయి. తాను గీసిన రక్షణ రేఖ చెరిగిపోయిందని ఆయన దాచలేదు. 1979లో గోండులపై మరొక గ్రంథంలోను, 1982లో భారతీయ గిరిజనుల మనుగడ పోరాటంపై వ్రాసిన గ్రంథంలోను, నలభైల నాటి తన లెక్కలను డెబ్బైల నాటి స్థితితో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఈ నడుమనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది మరణించారు. భీము మరణానికి, ఇంద్రవెల్లికి నడుమ నలభై ఒక్క యేళ్ళు. రెండింటికీ కారణం ఒకటే.

అయితే ఆ పరిశోధన వృథా అయినట్లేనా? కాదని నా అభిప్రాయం. 1940లలో ఆ లెక్కలు వ్రాసి ఉండకపోతే, 1970లలో పోయినదేమిటో చెప్పటానికి ఆధారమే ఉండేది కాదు. భూమి పోగొట్టుకున్నవాని మాటకు విలువ లేని చోట పాత దస్త్రం సాక్ష్యమవుతుంది. మళ్ళీ వచ్చి చూడటం, తన కృషి ఎక్కడ విఫలమయిందో తానే చెప్పటం, ఇవి పత్రాల సంఖ్యకు అందని గుణాలు.

ఆయనను దేవుణ్ణి చేయనవసరం లేదు. ఆయన నిజాము కొలువులో పనిచేసినవాడు. తిరుగుబాటును చల్లార్చటం ఆ ప్రభుత్వ ప్రయోజనం. గోండుల మేలు ఏమిటో గోండులకంటె సలహాదారుకే బాగా తెలుసునన్న ధోరణి ఆ విధానంలో ఉన్నదని విమర్శించేవారి మాటలో నిజముంది. కానీ ఆ పరిమితులలోనే ఆయన పాలకుల చేత వారికి రుచించని నిజాన్ని అచ్చువేయించాడు.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమండార్ఫ్ 1995లో లండనులో కన్నుమూశాడు. తరువాతి కాలంలో ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ గుమిగూడి వారిని తమ పద్ధతిలో తలచుకొంటారు. షామీర్‌పేట సంగతి వేరు. ఇవాళ అక్కడ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది, చుట్టూ పరిశ్రమలు, ఇళ్ళస్థలాల ప్రకటనలు. ఇప్పుడు ఆ ఊరిలో నిలబడి 1951 నాటి ఊరిని ఊహించాలంటే ఆ ఆంగ్ల గ్రంథమే గతి.

చివరిగా యూనికోడు మిత్రులకు ప్రీతికరమైన విషయం ఒకటి. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల అనే గోండు గ్రామంలో గోండి వ్రాతప్రతులు లభించాయి. దేవనాగరి కాదు, తెలుగు కాదు, గోండికే సొంతమైన లిపి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి నాయకత్వంలో, ఆ ప్రతులను వెలికితీసి, లిపి తెలిసిన పెద్దల సహాయంతో అధ్యయనం చేశారు. పిల్లల కోసం వాచకం కూడా వచ్చింది. 2018లో వెలువడిన యూనికోడు 11వ కూర్పులో గుంజాల గోండి లిపికి స్థానం లభించింది. తెరమీద తెలుగు అక్షరం మొదటిసారి చక్కగా కనిపించిన నాడు మనం పొందిన ఆనందం మనకు తెలుసు. చుక్కలు, డబ్బాలు తప్ప ఏమీ కనిపించని రోజులూ తెలుసు. ఆ ఆనందం ఇప్పుడు గోండు పిల్లలది కూడా కావాలి. నన్నడిగితే ఏ సాంఘికశాస్త్ర శాఖ వార్తలలోనైనా మొదటి పంక్తిలో ఉండదగిన సాధన ఇది. ఎవరి గురించి పరిశోధించారో వారి చేతికే, వారి అక్షరాలలోనే, తిరిగి చేరింది.

షామీర్‌పేట వారు, ఆ చుట్టుపక్కల ఊళ్ళవారు ఎవరైనా ఇది చదివితే ఒక మనవి. మీ తాతలు, అమ్మమ్మలు 1951-52 నాటి విశ్వవిద్యాలయం వారి రాకను గురించి ఏమైనా చెప్పి ఉంటే వ్రాయండి. గ్రంథంలో ఉన్నది ఆచార్యుడు చూసిన ఊరు. ఊరు చూసిన ఆచార్యుడు ఎలా ఉండేవాడో ఇంతవరకు ఎవరూ వ్రాయలేదు.

సెలవు.